చేతితో చేసే సంక్రాంతి కానుకలు – రెండవ పాఠం: సకినాలు చుట్టడం

సకినాలంటే బియ్యప్పిండి, నువ్వులు కలిపి మెలితిప్పి, గుండ్రంగా చుట్టి నూనెలో వేయించే తెలంగాణ సంక్రాంతి పిండివంట. మొదటి పాఠం చదివి పిండి పట్టించుకున్నవారు నేరుగా పనిలోకి దిగవచ్చు. కొత్తగా చేరినవారి కోసం ఆ పాఠం సారం మళ్లీ చెబుతాను. కిలో కొత్త బియ్యాన్ని రాత్రంతా నానబెట్టాలి. ఉదయం నీళ్లు వడకట్టి, పలుచని గుడ్డ మీద కాసేపు ఆరబోసి, గింజలో చెమ్మ ఉండగానే గిర్నీలో మెత్తగా పట్టించి జల్లించుకోవాలి. గుప్పిట పడితే పిండి ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. ప్యాకెట్లలో దొరికే పొడి బియ్యప్పిండితో ఈ పని కాదు. గోధుమపిండికి ఉండే సాగే గుణం బియ్యప్పిండికి లేదు కనుక, సకినం విరగకుండా నిలవాలంటే నానిన బియ్యంలోని తడే ఆధారం. వానాకాలం వడ్లు ఇంటికి చేరిన తర్వాతే సంక్రాంతి వస్తుంది కాబట్టి కొత్త బియ్యానికి కొరత ఉండదు. పాత బియ్యమే ఉంటే మరికొంచెం ఎక్కువసేపు నాననివ్వండి.

వరంగల్, కరీంనగర్ వైపు సకినాలను కానుకగా పంపడం ఎప్పటినుంచో ఉన్నదే. వియ్యాలవారికి సారెలో పెడతారు, పండుగకు రాలేని కొడుక్కో కూతురికో డబ్బా కట్టి పంపుతారు. అయితే పాత పద్ధతిలో ఇది ఒక్కరి పని కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి వరుసగా కూర్చుని చుట్టేవారు, చిన్నపిల్లలు పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకునేవారు. హనుమకొండలో రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండే ఉద్యోగికి ఆ పక్కన కూర్చునే అవకాశం లేదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం వేళ్ల కదలికకే ఇస్తున్నాను.

ముందు పిండి కలపడం. కిలో బియ్యం పిండికి పావుకిలోకు కొంచెం తక్కువగా నువ్వులు, నాలుగు చెంచాల వాము, మూడు నుంచి నాలుగు చెంచాల ఉప్పు సరిపోతాయి. వామును అరచేతుల మధ్య నలిపి వేస్తే వాసన బాగా దిగుతుంది. కారం, వెన్న, కాచిన నూనె వంటివేవీ వద్దు. అన్నీ పొడిగా కలిపాక, అందులో నాలుగో వంతు మాత్రమే వేరే గిన్నెలోకి తీసుకుని నీళ్లు చిలకరిస్తూ తడపండి. మొత్తం ఒకేసారి తడిపితే చివరికి వచ్చేసరికి పిండి బిగుసుకుపోతుంది. చపాతీ ముద్ద కన్నా మెత్తగా, జంతికల పిండి కన్నా కొంచెం వదులుగా ఉండాలి. తడిపిన ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఉంచండి.

నేల మీద ఉతికిన నూలు గుడ్డ పరవండి. పాత పంచె అయితే మరీ మంచిది, నీటిని బాగా పీలుస్తుంది. సింథటిక్ గుడ్డ అసలు పనికిరాదు. కొన్ని ఇళ్లలో మొదట పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి గుడ్డ మీద ఉంచుతారు. మీ ఇంట్లో ఆ ఆనవాయితీ ఉంటే తప్పక పాటించండి.

ఇప్పుడు నిమ్మకాయంత ముద్ద చేతిలోకి తీసుకోండి. ముద్ద అరచేతిలో, నాలుగో వేలు, చిటికెన వేలు పట్టులో ఉండాలి. పని చేసేవి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే. ముద్ద కొసను ఆ మూడు వేళ్లతో కొద్దిగా లాగి, బొటనవేలిని ముందుకు దొర్లిస్తూ మెలి తిప్పాలి. మెలి పడిన భాగం గుడ్డ మీదికి దిగుతుంటే, చేయి నెమ్మదిగా గుండ్రంగా కదలాలి. లాగడం, తిప్పడం, జారవిడవడం ఈ మూడూ కలిసి సాగాలి. ముందుగా చుట్టు సంగతి మరిచిపోయి, జానెడు పొడవున నిలువు గీతలాగా మెలి వేయడం సాధన చేయండి. ఆ పిండిని మళ్లీ ముద్దలో కలుపుకోవచ్చు, ఏమీ వృథా కాదు. గీత అంతటా ఒకే లావు వచ్చి, మెలికలు కంటికి కనిపిస్తున్నాయంటే చుట్టడానికి మీ చేయి సిద్ధమైనట్టే.

చుట్టేటప్పుడు మధ్యలో రూపాయి బిళ్లంత వలయంతో మొదలుపెట్టి, దాన్ని ఆనుకునే రెండో చుట్టు, మూడో చుట్టు వేస్తూ పోవాలి. చుట్ల మధ్య సందు ఉంటే ఎత్తేటప్పుడు విడిపోతాయి. చివరి కొసను పక్క చుట్టుకు మెల్లగా నొక్కి అతికించండి. మెలి మధ్యలో తెగుతుంటే పిండి పొడిగా ఉందని గుర్తు, వేళ్లు తడి చేసుకుని ముద్దను మళ్లీ పిసకండి. గుడ్డ మీద పడగానే మెలిక చెరిగి చదునుగా పరుచుకుంటే తడి ఎక్కువైంది, పక్కన ఉంచిన పొడి పిండి కలపండి. ఈ రెండు లక్షణాలు పట్టుకున్నవారికి కొలతలతో పెద్దగా అవసరం ఉండదు.

కానుక కాబట్టి తినేవారిని తలచుకుని చుట్టండి. పళ్లు బలంగా లేని పెద్దవారికి సన్నని మెలితో రెండు చుట్లు చాలు. హాస్టల్లో ఉన్న పిల్లలకు నాలుగైదు చుట్లవి చేయండి, పదిమందికీ విరిచి పంచుకుంటారు. ఇలా ఎవరి డబ్బా వారికి వేరుగా చేయగలగడమే ఇంటి సకినాలకు, కొన్నవాటికి ఉన్న అసలు తేడా అని నా నమ్మకం.

అరగంట ఆరనివ్వండి. గుడ్డ తడిని పీల్చుకుని సకినం కదలకుండా నిలుస్తుంది. మరీ ఎండితే పగుళ్లు వస్తాయి. పలుచని పళ్లెం అంచును కిందికి దూర్చి ఎత్తి, కాగిన పల్లీ నూనెలోకి జార్చండి. మంట మధ్యస్థంగా ఉండాలి, నూనె కొత్తది కావాలి. వాడిన నూనెతో చేసినవి త్వరగా కనరు వాసన వస్తాయి. సకినం తనంతట తాను పైకి తేలేవరకు గరిటె తగిలించకండి. ఒకసారి తిప్పి, నురగ తగ్గగానే తీసేయండి. తెలుపు మీద లేత బంగారు రంగు చాలు, ఎర్రబడనివ్వకండి.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడతాయి. వార్తాపత్రికలో చుట్టవద్దు, ఆ సిరా ఆహారానికి అంటుతుంది. అడుగున ఎండిన మోదుగాకు విస్తరి వేసి, సకినాలను ఒకదానిపై ఒకటి పడుకోబెట్టి పేర్చి, సందుల్లో మరమరాలు నింపితే ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ వెళ్లినా విరగడం తక్కువ. మూత మీద చేసిన తేదీ, నువ్వులు ఉన్న సంగతి రాసి అంటించండి. నువ్వులు పడనివారు కొందరుంటారు. గాలి చొరబడని డబ్బాలో రెండు వారాల పైనే కరకరలాడుతూ ఉంటాయి.

వచ్చే పాఠంలో నువ్వులు, బెల్లం పాకంతో ముద్దలు కట్టడం. ఈలోగా పావుకిలో పిండితో మెలి గీతలు సాధన చేయండి, పాకం కోసం గట్టి బెల్లం చూసి ఉంచుకోండి.