థీసిస్‌ను మెడికల్ జర్నల్‌కు పంపే ముందు పీజీ వైద్యులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎండీ, ఎంఎస్ చదువుతున్న వైద్యులు మూడో సంవత్సరంలోకి వచ్చేసరికి థీసిస్ యూనివర్సిటీకి చేరిపోతుంది, పరీక్షలు దగ్గరపడతాయి, సరిగ్గా అదే సమయంలో ఆ థీసిస్‌ను వ్యాసంగా మలచి ఏదో ఒక జర్నల్‌లో వేయించుకోవాలన్న తొందర మొదలవుతుంది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విద్యార్థులైనా, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం విద్యార్థులైనా ఈ తొందర ఒక్కటే. భాష బాగాలేకపోతే దిద్దుకోవచ్చు, పట్టికలు తప్పుగా ఉంటే మళ్లీ వేసుకోవచ్చు, గణాంక పరీక్ష సరిపోదని జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించే రివ్యూయర్ అంటే తగినది చేసి పంపవచ్చు. కానీ పరిశోధన నైతికంగా సరైనదేనా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, ట్రయల్ రిజిస్ట్రేషన్, రోగి సమ్మతి అనే మూడింటిలో ఏది లోపించినా, పని పూర్తయ్యాక సరిచేసుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి జాగ్రత్తలు జర్నల్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచే రోజున కాదు, మొదటి రోగిని అధ్యయనంలో చేర్చుకోకముందే మొదలు కావాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రాన్ని ఫైలులో పెట్టి మరచిపోకుండా ఒకసారి నిదానంగా చదవాలి. దానిపై ఉన్న తేదీ మొదటి రోగిని చేర్చుకున్న తేదీకి ముందుదై ఉండాలి; అందులోని శీర్షిక, వ్యాసంలో చెప్పబోయే అధ్యయనం ఒకటే కావాలి; మధ్యలో రోగుల సంఖ్యనో, మందు మోతాదునో మార్చి ఉంటే ఆ మార్పుకు కమిటీ విడిగా ఇచ్చిన ఆమోదం కూడా చేతిలో ఉండాలి. పాత కేస్ షీట్ల నుంచి సమాచారం తీసుకునే అధ్యయనాలకు అనుమతి అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం అలాంటి అధ్యయనాలలో రోగి సమ్మతి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చుగానీ, ఆ మినహాయింపు ఇవ్వవలసింది కమిటీయే తప్ప పరిశోధకుడు తనకు తానుగా తీసుకునేది కాదు. మినహాయింపు లేఖ ఉంటే దాని సంఖ్య, తేదీ వ్యాసంలో రాయాలి. ముగిసిన పనికి వెనుక తేదీతో అనుమతి తెచ్చుకోవడం అంటే పత్రాన్ని సృష్టించడమే, దానికి మరో పేరు లేదు.

రెండు మందులను పోల్చే అధ్యయనం, రెండు శస్త్రచికిత్స పద్ధతులను పోల్చే అధ్యయనం, మత్తుమందులో ఒక అదనపు ఔషధం కలిపి చూసే అధ్యయనం ఇవన్నీ క్లినికల్ ట్రయల్సే, అది పీజీ థీసిస్ అయినా సరే. మన దేశంలో వీటిని సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా) అనే రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీ 2018 ఏప్రిల్ 1 నుంచి రోగులను చేర్చుకోవడం ఇంకా మొదలుకాని ట్రయల్స్‌ను మాత్రమే స్వీకరిస్తోంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, అంటే ఐసీఎంజేఈ, ఇదే షరతును 2005 నుంచి పెడుతోంది. ఆ కమిటీ నియమాలను పాటించే జర్నల్ ఆలస్యంగా నమోదైన ట్రయల్‌ను రివ్యూకు కూడా పంపకుండా తిప్పి పంపవచ్చు. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ పత్రాన్ని జతచేసి సీటీఆర్ఐ దరఖాస్తు, వాళ్లు అడిగిన సవరణలు చేశాక వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఆ తరువాతే మొదటి రోగి. దరఖాస్తు పెట్టిన రోజే నంబరు రాదు గనుక ఆ వ్యవధిని థీసిస్ కాలపట్టికలో ముందే కలుపుకోవాలి.

నంబరు ఉంటే సరిపోదు, రిజిస్ట్రీలో ముఖ్య ఫలితంగా ఏది రాశారో వ్యాసంలోనూ అదే ముఖ్య ఫలితంగా ఉండాలి. ఉదాహరణకు శస్త్రచికిత్స తరువాత 24 గంటల్లో నొప్పి ఎంత ఉందన్నది ముఖ్య ఫలితమని నమోదు చేసి, అందులో తేడా కనిపించకపోయేసరికి వాంతుల సంఖ్యను ముఖ్య ఫలితంగా ముందుకు తెస్తే, రివ్యూయర్ సీటీఆర్ఐ పేజీ తెరిచిన మరుక్షణం ఆ మార్పు బయటపడుతుంది. మందు పనిచేయలేదని తేలడం కూడా ఫలితమే, దాన్ని ఉన్నదున్నట్టు రాయాలి. ఆ సమాచారం అచ్చు కాకపోతే మరో ఊరిలో మరో విద్యార్థి అదే మందును మరికొంత మంది రోగులపై మళ్లీ ప్రయత్నిస్తాడు, నష్టపోయేది ఆ రోగులే.

రోగి సమ్మతి విషయంలో నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పూర్తిగా మన చేతిలో ఉండి కూడా మనం అలక్ష్యం చేసేది ఇదే. చికిత్సకు ఇచ్చిన సమ్మతి వేరు, పరిశోధనలో చేరడానికి ఇచ్చిన సమ్మతి వేరు, తన వివరాలూ ఫొటోలూ అచ్చు కావడానికి ఇచ్చే సమ్మతి వేరు. మూడోది రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ‘నా వ్యాధి వివరాలు, ఫొటోలు వైద్య పత్రికలో అచ్చవుతాయి, వాటిని ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు, నా పేరు వేయరు, అయినా తెలిసినవాళ్లు నన్ను గుర్తుపట్టే అవకాశం పూర్తిగా పోదు’ అన్న మాటలు అందులో ఉండి, చదవలేని వారికి వాటిని వినిపించి, వేలిముద్ర పక్కన వైద్య బృందానికి చెందని సాక్షి సంతకం తీసుకోవాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు, మరణించిన వారి విషయంలో దగ్గరి బంధువులు సమ్మతి ఇవ్వాలి. రోగి డిశ్చార్జి అయి ఊరికి వెళ్లిపోయాక ఆ సంతకం కోసం వెతకడం ఎంత కష్టమో కేస్ రిపోర్టు రాసినవారికి తెలుసు. అరుదైన కేసు అనిపించిన రోజే వార్డులో ఆ పని ముగించాలి.

కళ్ల మీద నల్లపట్టీ వేస్తే రోగి ఎవరో తెలియదన్నది పాతకాలపు నమ్మకం. ఆ పట్టీ గుర్తింపును దాచలేదని ఐసీఎంజేఈ స్పష్టంగా చెప్పింది. ఎక్స్‌రే మూలన పేరు, ఇన్‌పేషెంట్ (ఐపీ) నంబరు, తేదీ ఉంటాయి. సీటీ, ఎమ్మారై చిత్రాలలో ఆస్పత్రి పేరు కూడా ఉంటుంది. వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో ఆ మూలను క్రాప్ చేసినంత మాత్రాన అది పోదు, ఫైలు తెరిచినవారు క్రాప్‌ను వెనక్కి లాగితే పేరు మళ్లీ కనిపిస్తుంది. చిత్రాన్ని విడిగా కత్తిరించి, కొత్త ఫైలుగా సేవ్ చేసి, దాన్నే జతచేయాలి. వ్యాసంలో ‘ఫలానా మండలానికి చెందిన 43 ఏళ్ల ఉపాధ్యాయురాలు’ అని రాస్తే పేరు లేకపోయినా ఆ ఊరివాళ్లకు ఆమె ఎవరో తెలిసిపోతుంది. వ్యాధికి సంబంధం లేని వృత్తి, ఊరు, తేదీలు తీసేయాలి. గుర్తు తెలియకుండా చేయడానికి వయసునో లింగాన్నో మార్చడం మాత్రం పనికిరాదు, అది సమాచారాన్ని తప్పుగా ఇవ్వడమే అవుతుంది.

రచయితల పేర్ల దగ్గర మన కాలేజీలలో మొహమాటం ఎక్కువ. విభాగాధిపతి (హెచ్‌వోడీ) పేరు వేయకపోతే ఏమవుతుందో అన్న భయం, పదోన్నతి కోసం ఒక పేపర్ కావాలన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను కాదనలేకపోవడం, తోటి పీజీతో ‘నా పేపర్‌లో నీ పేరు, నీ పేపర్‌లో నా పేరు’ అని చేసుకునే ఒప్పందం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది. అధ్యయన రూపకల్పనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి. వ్యాసాన్ని రాయడంలోనో, విషయపరంగా దిద్దడంలోనో పాలుపంచుకోవాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. విభాగాధిపతిగా ఉండడం, నిధులు ఇప్పించడం, రోగులను పంపడం మాత్రమే చేసినవారికి కృతజ్ఞతల భాగంలో చోటు ఉంది, అక్కడ పేరు వేయడానికీ వారి అనుమతి తీసుకోవాలి. అలాగే కేస్ షీట్లన్నీ తిరగేసి, విశ్లేషణ చేసి, రాతలోనూ భాగం పంచుకున్న జూనియర్‌ను తీసేయడం కూడా అంతే తప్పు.

నాలుగో షరతు ఎంత బరువైనదో 2020 చెప్పింది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై లాన్సెట్‌లో మే 22న వచ్చిన వ్యాసాన్నీ, గుండె జబ్బులు, కోవిడ్‌పై న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వ్యాసాన్నీ జూన్ 4న ఒకే రోజు వెనక్కి తీసుకున్నారు. రెండింటికీ సమాచారం ఇచ్చినది సర్జిస్ఫియర్ అనే కంపెనీ. దాని మూల సమాచారాన్ని స్వతంత్రంగా తనిఖీ చేయడానికి ఆ కంపెనీ ఒప్పుకోలేదు, తోటి రచయితలు దాన్ని స్వయంగా సరిచూడలేకపోయారు. పేరు వేయడానికి ఒప్పుకునే ముందు రోగుల సమాచారమంతా ఉండే మాస్టర్ చార్ట్‌ను తెరిచి, కనీసం కొన్ని వరుసలను కేస్ షీట్లతో పోల్చి చూడడం థీసిస్ గైడ్‌కైనా, గణాంకాలు చూసిన కమ్యూనిటీ మెడిసిన్ సహోద్యోగికైనా తప్పనిసరి. పేర్లు, వాటి వరుస పనికి ముందే కాగితంపై రాసుకోవాలి. పంపిన తరువాత పేరు చేర్చాలన్నా, తీసేయాలన్నా చాలా జర్నళ్లు కారణం రాసి రచయితలందరి సంతకాలూ ఇమ్మంటాయి, దానికి ఎడిటర్‌కు అనుమానమూ వస్తుంది.

ఏ జర్నల్‌కు పంపాలన్నది తరువాతి మాట. ‘గౌరవనీయ డాక్టర్ గారికి’ అంటూ పొగడ్తలతో మెయిల్ వచ్చి, వారంలో ప్రచురణ ఖాయం అని చెప్పి, ఫీజు సంగతి మాత్రం ఆమోదం తరువాతే బయటపెట్టే పత్రికలకు దూరంగా ఉండాలి. ఈ ఉచ్చు మన ముంగిట్లోనిదే. హైదరాబాద్‌కు చెందిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, రివ్యూ విషయంలోనూ ఫీజుల విషయంలోనూ రచయితలను మోసపుచ్చిందన్న ఆరోపణలపై 2019 మార్చిలో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. జర్నల్ తన పేజీలో పబ్‌మెడ్, స్కోపస్ వంటి వ్యాస సూచికల గుర్తులు పెట్టుకుంటే నమ్మకుండా, ఆ సూచికల సొంత వెబ్‌సైట్లలో వెతికి చూడాలి. పేరున్న పత్రికల పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు పెట్టి వ్యాసాలు, డబ్బు గుంజేవారు కూడా ఉన్నారు గనుక చిరునామాను సూచికలో ఉన్న లింకు ద్వారానే తెరవాలి. ఫీజు తీసుకున్నంత మాత్రాన జర్నల్ చెడ్డది కాదు, ఎంత తీసుకుంటుందో ముందే చెప్పకపోవడమే ప్రమాద సూచన. సంపాదక వర్గంలో మీ విభాగానికి చెందిన, మీకు తెలిసిన నిజమైన పేర్లు ఉన్నాయా, గత రెండు మూడు సంచికల్లోని వ్యాసాలు చదవదగినవేనా అన్నది గైడ్‌తో కూర్చుని చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

ఒక సమయంలో ఒక్క జర్నల్‌కే పంపాలి. నెలల తరబడి జవాబు రాకపోతే ఎడిటర్‌కు మర్యాదగా గుర్తుచేసి, అయినా రాకపోతే ఉపసంహరణ లేఖ రాసి, వాళ్లు ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చాకే మరోచోటికి పంపాలి. ఒకే థీసిస్‌ను ముక్కలు చేసి మూడు పేపర్లుగా అమర్చడం కూడా సంపాదకులు సహించని పనే, నిజంగా విడి ప్రశ్నలైతే మాత్రం మొదటి పేపర్ గురించి రెండోదాని కవర్ లెటర్‌లోనూ, వ్యాసంలోనూ చెప్పాలి. కాన్ఫరెన్స్‌లో చదివిన సారాంశం, యూనివర్సిటీకి ఇచ్చిన థీసిస్ చాలా జర్నళ్లకు అభ్యంతరం కాదుగానీ వాటినీ దాచకుండా తెలపాలి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలలో ఇతరుల రాతతో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదని ఉండడంతో, సాఫ్ట్‌వేర్ పది లోపు చూపిస్తే చాలనే అభిప్రాయం పాతుకుపోయింది. జర్నల్ ఎడిటర్ చూసేది అంకెను కాదు, ఏ భాగం పోలిందన్నది. పద్ధతుల భాగంలో కొన్ని వాక్యాలు పోలడం సహజం, చర్చ భాగంలో ఒక పేరా యథాతథంగా దొరికితే శాతం నాలుగే అయినా అది చౌర్యమే. ఆ శాతాన్ని తగ్గించడానికి మాటలకు మాటలు మార్చే సాధనాలను వాడితే వైద్య పదాలు వికృతంగా మారి, ఆ వికృతమే పట్టిస్తుంది. చాట్‌జీపీటీ వంటి సాధనాలను రచయితగా వేయకూడదని, వాడితే ఎక్కడ, ఎలా వాడారో చెప్పాలని ఐసీఎంజేఈ 2023లో నియమం పెట్టింది. భాష సరిచూసుకోవడానికి వాడడంలో తప్పు లేదు, కానీ అవి లేని రిఫరెన్సులను ఉన్నట్టు అల్లగలవు గనుక ప్రతి రిఫరెన్సునూ స్వయంగా తెరిచి చదివాకే జాబితాలో పెట్టాలి. రోగుల వివరాలున్న షీటును అలాంటి సాధనంలో ఎక్కించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయరాదు.

రివ్యూయర్ల పేర్లు సూచించమని జర్నల్ అడిగినప్పుడు వారి సంస్థ ఇచ్చిన మెయిల్ చిరునామాలే ఇవ్వాలి. ట్యూమర్ బయాలజీ అనే జర్నల్ నుంచి 2017లో ఒకేసారి 107 వ్యాసాలను వెనక్కి తీసుకున్నది నకిలీ రివ్యూల కారణంగానే. డబ్బు తీసుకుని ప్రచురణ బాధ్యత మొత్తం మాదే అనే ఏజెంట్లకు లాగిన్ ఇస్తే, మీ పేరుతో వాళ్లు ఏమి చేస్తున్నారో మీకు తెలియదు, జవాబు చెప్పుకోవలసింది మాత్రం మీరే. మందుల కంపెనీ నుంచి ఉచితంగా వచ్చిన మందు, కాన్ఫరెన్సు ప్రయాణ ఖర్చు వంటివి చిన్నవే అనిపించినా ప్రయోజన వైరుధ్య ప్రకటనలో రాయాలి. రాసినందుకు వ్యాసం తిరిగి రాదు, దాచినట్టు తేలితే వస్తుంది.

అచ్చయ్యాక తప్పు కనిపిస్తే, ఎవరూ గమనించలేదు కదా అని ఊరుకోకుండా తోటి రచయితలకు చెప్పి ఎడిటర్‌కు రాయాలి. నిజాయితీగా జరిగిన లెక్క తప్పుకు సాధారణంగా సవరణ సరిపోతుంది. ఇలాంటి మెయిళ్లు కోర్సు ముగిసిన రెండు మూడేళ్లకు కూడా రావచ్చు. కాబట్టి జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే కరెస్పాండింగ్ ఆథర్‌గా కోర్సుతోపాటు ఆగిపోయే కాలేజీ చిరునామా ఇవ్వకుండా ఎప్పటికీ చూసుకునే మెయిల్, పరిశోధకుల శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన ఓర్కిడ్ (ORCID) నంబరు ఇవ్వాలి. మాస్టర్ చార్ట్, సమ్మతి పత్రాలు, అనుమతి లేఖలు ఒక ప్రతి గైడ్ దగ్గర, ఒక ప్రతి విభాగంలో తాళం వేసిన అలమరాలో భద్రపరచి, ఏది ఎక్కడుందో రాసిన కాగితాన్ని హాస్టల్ ఖాళీ చేసే ముందే విభాగానికి అప్పగించాలి.