పల్లెలో సామాజిక పరిశోధన: ఎవరిని, ఎలా అడగాలి

గ్రామ అధ్యయనం చేసేవారు ముందుగా ప్రశ్నను కుదించుకోవాలి, ‘వలస ఎందుకు?’ అనేదానికన్నా ‘ఏ ఇళ్ల నుంచి, ఏ నెలల్లో, ఎవరు వెళ్తున్నారు?’ అన్నది పరిశీలనకు నిలుస్తుంది. తర్వాత వాడవాడా తిరిగి ఇళ్ల జాబితాను స్వయంగా రాసుకుని, అందులోంచి లాటరీ పద్ధతిలో ఇళ్లను ఎంచుకోవాలి. ఊరి పెద్దలు చూపించిన ఇళ్లకే వెళితే దళితవాడ మాట మీ నోట్సులోకి రాదు.

‘అప్పు ఉందా?’ అని సూటిగా అడిగితే చాలామంది ‘లేదండీ’ అని ఊరుకుంటారు. ‘పోయిన ఖరీఫ్‌లో విత్తనాలకు డబ్బు ఎలా సర్దుకున్నారు?’ అంటే వడ్డీ వ్యాపారి, డ్వాక్రా సంఘం, తాకట్టు పెట్టిన నగలు ఒక్కొక్కటిగా మాటల్లోకి వస్తాయి.

అధ్యయనంలో పాల్గొనేందుకు కూలీ సమ్మతిని ఆసామి ఎదుట ఎన్నడూ అడగకూడదు. అక్కడ పలికే ‘సరే’ సమ్మతి కాదు. 1950ల ఆరంభంలో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి, ఊరి అసలు పేరుతోనే ప్రచురించారు. అయితే కులం, అప్పు వంటి విషయాలు రాసేటప్పుడు మనుషుల పేర్లతోపాటు ఊరి పేరునూ మార్చడమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అప్పున్న ఇళ్ల నుంచే వలస ఎక్కువగా కనిపించినా అప్పే కారణమని తేల్చకండి. భూమి లేకపోవడం రెండింటికీ మూలం కావచ్చు కనుక, సమానంగా భూమి ఉన్న ఇళ్లనే ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి.