కొత్త పిస్టన్ కిట్ వేసినా ఇంజిన్ మళ్లీ పట్టేస్తోందా?

సమస్య ఇది. గడ్డి కోసే మిషన్, అంటే 43 సీసీ లేదా 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్, పని మధ్యలో పట్టేసింది. తాడు లాగితే కదల్లేదు. అనంతపురం వెళ్లి, చైనా నుంచి వచ్చే సిలిండర్-పిస్టన్ కిట్ కొని వేయించారు. రెండు మూడు ట్యాంకులు బాగానే తిరిగింది. ఆ తర్వాత మళ్లీ పట్టేసింది. ఇప్పుడు "ఆ కిట్టే నాసిరకం, ఇంకో రకం తెస్తా" అంటున్నారు.

ఆగండి. మొదటి పిస్టన్ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా ఎంత మంచి కిట్ వేసినా అదీ పోతుంది. వానలు పడి చీనీ (బత్తాయి) తోటల్లో గడ్డి లేచే రోజుల్లో నార్పల, పుట్లూరు, యల్లనూరు వైపు నుంచి నా దగ్గరికి రిపేరుకు వచ్చేవి ఎక్కువగా ఇలాంటి మిషన్లే. ఒకే సీజన్లో రెండేసి కిట్లు కొన్న రైతులున్నారు. నేను అడిగే మొదటి మాట ఒకటే: పాత పిస్టన్ ఏది? "పారేశాం" అంటారు. జరిగిందేమిటో చెప్పగలిగింది ఆ ఒక్క పిస్టనే, దాన్నే పారేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

పాత పిస్టన్ ఏం చెబుతోంది

కడగకముందే వెలుతురులో పెట్టి, గీతలు ఏ వైపు పడ్డాయో చూడండి. సైలెన్సర్ వైపు మాత్రమే అల్యూమినియం అరిగి రింగుల మీదికి పూసుకుపోయి, కార్బురేటర్ వైపు శుభ్రంగా ఉంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కిందని అర్థం. చుట్టూరా ఒకే తీరుగా గీసుకుపోతే ఆయిల్ అందలేదు. కార్బురేటర్ వైపు మసకగా, సన్నగా అరిగి రింగులు పలచబడితే ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోంది. మన ఎర్రనేలల్లో ఇదీ తరచుగా కనిపించేదే. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్నుకు అటూ ఇటూ నాలుగు చోట్ల నిలువు చారలు పడితే సిలిండర్‌కూ పిస్టన్‌కూ మధ్య సందు చాలలేదు, లేదా చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన వెంటనే ఫుల్ రేస్ ఇచ్చారు. కిట్ మీద నేరం మోపాలంటే నాకు ఈ గుర్తు కనిపించాలి.

పిస్టన్ తల రంగు కూడా చూడండి. లేత గోధుమ రంగుంటే ఫర్వాలేదు. తెల్లగా పాలిపోయినట్టుంటే లోపలికి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తోంది.

ముందు చూడాల్సినవి

సైలెన్సర్ వైపు గీతలుంటే మొదట ప్లాస్టిక్ మూత తీసి సిలిండర్ రెక్కల మధ్య చూడండి. గడ్డిపీచు, మట్టి, ఆయిలు కలిసి గట్టిపడి ఉంటుంది. రెక్కలకు గాలి తగలకపోతే ఏ పిస్టనూ నిలవదు. నాలుగు స్క్రూలు విప్పితే అయిపోయే పని ఇది. ఇదొక్కటీ చేయకుండా కిట్టు కోసం బస్సెక్కేవాళ్లే ఎక్కువ.

తర్వాత ఆయిల్ లెక్క. మిషన్ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 50:1 అని ఉంటే 20 మి.లీ. 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) కలపాలి. సీసా మూతతో కొలవకండి, మందుల షాపులో దొరికే కొలత గ్లాసు వాడండి. బైకు ఇంజిన్ ఆయిల్ దీనికి పనికిరాదు.

ఈ రెండూ సరిగానే ఉండి, పిస్టన్ సైలెన్సర్ వైపే కాలి, తల తెల్లగా ఉంటే అసలు దొంగ వేరే ఉన్నాడు.

అసలు దొంగ: క్రాంక్ ఆయిల్ సీల్

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, ఆయిలు, గాలి ముందు క్రాంక్ కేసులోకి, అంటే పిస్టన్ కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి వస్తాయి. పిస్టన్ పైకి పోయినప్పుడు కింద పీల్పు, కిందికి వచ్చినప్పుడు ఒత్తిడి. ఆ గది గాలి చొరకుండా మూసి ఉండాలి. క్రాంక్ రెండు కొసలా, ఒకటి మ్యాగ్నెట్ (స్పార్క్ పుట్టించే అయస్కాంత చక్రం) వైపు, ఒకటి క్లచ్ వైపు ఉండే చిన్న రబ్బరు ఆయిల్ సీళ్ల పని అదే. అందులో ఒకటి గట్టిపడినా, పెదవి అరిగినా పీల్పు సమయంలో బయటి గాలి దూరుతుంది. కార్బురేటర్ ఇచ్చే పెట్రోలు అంతే, గాలి మాత్రం ఎక్కువ. ఇంజిన్‌కు ఆయిల్ చేరేది పెట్రోలుతోనే కాబట్టి, వచ్చే గాలికీ పుట్టే వేడికీ సరిపడా ఆయిలూ అందదు. మే నెల ఎండలో అనంతపురంలో ఇక చెప్పేదేముంది, పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది.

కొత్త కిట్ వేసేటప్పుడు ఈ సీళ్లను ఎవరూ ముట్టుకోరు. సిలిండర్ విప్పితే అవి కనిపించవు మరి. మ్యాగ్నెట్, క్లచ్ తీయాలి. కిట్టు ధరలో పిసరంత ఉండే ఆ రబ్బరు ముక్క కోసం ఆ శ్రమ ఎవరికీ అక్కర్లేదు. కొత్త పిస్టన్‌ను చంపేది అదే.

పట్టేయకముందే ఇంజిన్ కొన్ని సూచనలు ఇస్తుంది. రేస్ వదిలాక వెంటనే స్లోకు రాదు, కాసేపు పైనే గోల చేస్తుంది. ఒక రోజు స్లో సరిగ్గా పెడితే మర్నాడు అదంతట అదే రేస్ అవుతుంది. చోక్ కొద్దిగా వేస్తే ఇంజిన్ నెమ్మదించి కుదురుకుంటుంది. మిషన్‌ను పక్కకు వంచితే చప్పుడు మారుతుంది. చాలామంది ఇది కార్బురేటర్ జబ్బనుకుని స్క్రూలు తిప్పుతారు, లేకపోతే కొత్త కార్బురేటర్ కొంటారు. మ్యాగ్నెట్ తీసి దాని వెనక చూస్తే సీల్ చుట్టూ నల్లటి జిడ్డు బురద కనిపిస్తుంది. లోపలి ఆయిల్ బయటికి వస్తున్న దారిలోనే బయటి గాలి లోపలికి పోతోంది.

అనుమానంతో ఆగకుండా పరీక్ష చేయండి. పాత స్పార్క్ ప్లగ్గులోని పింగాణీ తీసేసి, ఆ బొక్కలో ఇత్తడి నిపుల్ బిగించుకుని, ఆ ప్లగ్గును ఇంజిన్‌కు పెట్టండి. సైలెన్సర్, కార్బురేటర్ విప్పి, ఆ రెండు చోట్లా సైకిల్ ట్యూబు ముక్క పెట్టి మళ్లీ బిగిస్తే దారులు మూసుకుంటాయి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించితే సిలిండర్, క్రాంక్ కేసు కలిసి ఒకే గది అవుతాయి. నిపుల్‌కు చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్ బల్బు, గేజీ తగిలించి 250 దాకా కొట్టండి. ముల్లు అక్కడే నిలవాలి. దిగిపోతుంటే సబ్బు నీళ్లు కుంచెతో రెండు సీళ్ల దగ్గరా, సిలిండర్ కింది ప్యాకింగ్ దగ్గరా, క్రాంక్ కేసు అతుకు మీదా రాయండి. బుడగ లేచిన చోటే కారణం.

ఇక్కడ ఇంకో మోసం ఉంది. సీల్ పెదవి లోపలి వైపుకు తిరిగి ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే ఆ పెదవి షాఫ్ట్‌కు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అందువల్ల చెడిపోయిన సీల్ కూడా ఒక్కోసారి గాలి పరీక్ష పాసవుతుంది, పీల్పు పరీక్షలో మాత్రం దొరికిపోతుంది. కార్ల బ్రేకు పని చేసే మెకానిక్‌ల దగ్గర చేతి వాక్యూమ్ పంపు ఉంటుంది. అదే నిపుల్‌కు తగిలించి పీల్చి చూడండి. ఇందులో ముల్లు పడిపోతే సీళ్లు మార్చాల్సిందే. నా మట్టుకు ఈ రెండో పరీక్ష చేయనిదే కొత్త కిట్ బిగించను.

ప్యాకెట్టులోని సీల్ మంచిదేనా

సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటాయి. పాతదాని అంకెలతో సరిపోల్చండి. అంకెలు కలిసినంత మాత్రాన వదిలేయొద్దు. పెదవి వెనక గాడిలో సన్నటి చుట్టు స్ప్రింగు ఉండాలి. అది లేని సీళ్లు కూడా ప్యాకెట్లలో వస్తున్నాయి, వాటిని అక్కడే తిరిగి ఇచ్చేయండి. బొటనవేలితో పెదవిని వంచి వదిలితే వెంటనే యథాస్థానానికి రావాలి. మడత మచ్చ పడినా, అంచున రబ్బరు పోగులున్నా వద్దు. షాఫ్ట్ మీద వేలితో తొడిగితే కొద్దిగా పట్టుకుని తిరగాలి. వదులుగా జారిందంటే లోపలి కొలత తప్పు.

రంగు చూసి నమ్మకండి. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల దాకా, వైటాన్ 200 దాకా తట్టుకుంటుంది. వైటాన్ సీళ్లు ఎక్కువగా గోధుమ రంగులో వస్తాయి కదా అని మామూలు రబ్బరుకు ఆ రంగు వేసి అమ్మినా మీకు తెలియదు. ఒకే రకం రెండు కొనండి. ఒకదాన్ని ఆయిల్ కలిపిన పెట్రోలులో గాజు సీసాలో ఒక రోజంతా నానబెట్టి, రెండోదాని పక్కన పెట్టి చూడండి. ఉబ్బినా, జిగురుగా మారినా పనికిరాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి ఈ పరీక్ష ఇంకా అవసరం. పెట్రోలు పైపులు, కార్బురేటర్ డయాఫ్రమ్‌లు (లోపలి పలుచటి పొరలు) కూడా ఇలాగే చూడొచ్చు.

బిగించేటప్పుడు స్ప్రింగు వైపు లోపలికి ఉండాలి. పెదవికి 2టీ ఆయిల్ రాయండి. షాఫ్ట్ మీద పాత సీల్ తిరిగిన చోట గోరు ఆగేంత గాడి పడి ఉంటే, కూర్చునే చోటు వీలిచ్చిన మేరకు కొత్త సీల్‌ను ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో జరిపి కూర్చోబెట్టండి. మ్యాగ్నెట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే లొడలొడ ఆడిందంటే బేరింగులు పోయాయి. వాటిని మార్చకుండా ఏ దేశం సీల్ వేసినా నిలవదు.

ఇక కిట్ సంగతి

స్టిక్కరు మీది సీసీని పట్టించుకోకండి. ఇంజిన్ మీద ఉండే కోడ్ చూడండి. 1ఈ40ఎఫ్ అంటే ఒక సిలిండర్, టూ స్ట్రోక్, 40 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు), గాలితో చల్లబడేది. 1ఈ44ఎఫ్ అంటే బోర్ 44. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 34 మి.మీ. అయితే మొదటిది 42.7 సీసీ, రెండోది 51.7 సీసీ. కొనేముందు వెర్నియర్‌తో పిస్టన్ కొలవండి. రింగును సిలిండర్‌లో తిన్నగా దించి కొసల మధ్య ఫీలర్ గేజీ (సందు కొలిచే పలుచటి రేకు) పెడితే 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాలి. 0.6 దాటితే వెనక్కిచ్చేయండి. సిలిండర్ లోపల కిటికీల (గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాల) అంచుల మీద దూది ముక్క తిప్పండి. పోగులు చిక్కుకుంటే అంచు పదునుగా ఉందన్నమాట, రింగు దానికి తట్టుకుని విరుగుతుంది. సన్నటి నీటి ఎమరీ కాగితంతో అంచు మొద్దు చేసి, కిరోసిన్‌తో కడగండి. కిటికీ దారుల్లో పోత ఇసుక రేణువులుండటం కూడా మామూలే, ఊది చూడండి. పిన్ను క్లిప్పులు మెత్తగా వంగిపోతే వాటిని పారేసి మంచివి వేయండి. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే నల్ల ప్లాస్టిక్ దిమ్మ కూడా వేడికి వంగి గాలి లాగుతుంది. అద్దం మీద పెట్టి చూడండి, ఊగితే మార్చేయండి.

మిగతా కారణాలు చాలా అరుదు. కనెక్టింగ్ రాడ్ వంగడం, క్రాంక్ కేసు చీలడం, మ్యాగ్నెట్ కీ తెగి టైమింగ్ తప్పడం లాంటివి కింద పడిన మిషన్లలోనో, సుత్తి దెబ్బలు తిన్న మిషన్లలోనో తప్ప కనిపించవు. సైలెన్సర్ లోపల మసి పేరుకుంటే కాల్చి దులపండి, సరిపోతుంది.

అన్నీ బిగించాక మొదటి ట్యాంకు ఫుల్ రేస్‌లో నడపకండి, ఒకే రేస్‌లోనూ పట్టి ఉంచకండి. అది అయిపోయాక ఇంజిన్ చల్లారనిచ్చి సిలిండర్ బోల్టులు మరోసారి బిగించండి. రేస్ వదిలిన వెంటనే స్లోకు వస్తోందో లేదో చూడండి. రాకపోతే గడ్డి కోతకు దిగకండి, మళ్లీ బల్బు, గేజీ తగిలించండి.