పెరట్లో చిమ్మటలు – 3వ పాఠం: బెల్లం పూత

పోయిన పాఠంలో చిమ్మటల కోసం, అంటే రాత్రిళ్లు ఎగిరే సీతాకోకచిలుకల్లాంటి పురుగుల కోసం, తెల్ల దుప్పటి కట్టి, బల్బు వెలిగించి కూర్చున్నాం. కొన్ని చిమ్మటలకి వెలుగు కంటే తీపి మీదే యావ. ఈసారి వాటికి విందు.

పావుకిలో బెల్లాన్ని కాసిన్ని నీళ్లలో కరిగించి, చల్లారాక తొక్క నల్లబడ్డ అరటిపండ్లు రెండు పిసికి కలపండి. మూత వదులుగా పెట్టి ఒక రోజు ఉంచితే పులిసిన వాసన తేలుతుంది. కల్లు దొరికితే అరగ్లాసు పోయొచ్చు. ఇంట్లో వచ్చే ప్రశ్నలకి జవాబు మీదే.

పొద్దు వాలగానే మామిడి మొదలుకి ఛాతీ ఎత్తులో పాత పెయింటు బ్రష్‌తో జానెడు పట్టీ పూయండి. ముందు చీమల బారు ఉందేమో చూసుకోండి. నేను చూడకుండా పూశాను. ఎనిమిదింటికి వెళ్తే పట్టీ నిండా గండుచీమలు, చిమ్మట ఒక్కటీ లేదు. అప్పటినుంచి పాత లుంగీ పీలికల్ని ఇందులో ముంచి దండేనికి వేలాడదీస్తున్నాను, తాడు రెండు కొసలకీ గ్రీజు రాసి.

చీకటిపడ్డాక అరగంటకోసారి వెళ్లండి. టార్చికి ఎర్ర రంగు కాగితం చుడితే బెదరవు. మొదట ఎండుటాకు అంటుకుందనుకుంటారు. వంగి చూస్తే దాని కిందనుంచి తొండం పీలికలోకి దిగి ఉంటుంది. ముందు రెక్కలు కాస్త ఎత్తిందా, లోపల ముదురు నారింజ రంగు, మీద నల్ల మచ్చ. అది పండు రసం పీల్చే రెక్కల పురుగు. ఆ పేరెత్తితే బత్తాయి రైతుకి ఒళ్లు మండుతుంది. గట్టి తొండంతో తొక్కని పొడిచి రసం తాగుతుంది, పొడిచినచోట కాయ కుళ్లి రాలిపోతుంది. తోటల్లో బెల్లం నీళ్లలో పురుగుమందు కలిపి పెట్టేది దీనికోసమే. మనం కలపం. దీని గొంగళి తినేది తిప్పతీగ ఆకు. మీ ప్రహరీ మీద ఆ తీగ ఉంటే పగలు ఆకులు తిరగేసి చూడండి.

నోట్‌బుక్‌లో అక్కడికక్కడే రాయండి, పొద్దున రాద్దామంటే సగం మర్చిపోతాం. నాది ఇలా ఉంటుంది:

జులై 12, రాత్రి 8.40. మబ్బు, గాలి లేదు. దండెం, రెండో పీలిక. ఎండుటాకులాంటిది, వెనక రెక్క నారింజ. సంఖ్య 2. ఫొటోలు 3.

పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, ఊహించి రాయకండి. ఫొటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఏమీ రాని రాత్రి 'సున్నా' అని రాయండి. వాన పడ్డాక ఎన్నాళ్లకి పెరిగాయో ఆ సున్నాలతో పోలిస్తేనే తెలుస్తుంది.

వచ్చే పాఠం లోపు మూడు రాత్రులు పూయండి. అప్పుడు గన్నేరు చెట్టు దగ్గరికి వెళ్దాం.