స్టార్టప్‌కు సాంకేతిక పునాది - 3వ పాఠం: రెండేసి రోజుల పరీక్షతో ఫ్రేమ్‌వర్క్ తేల్చుకోవడం

గత పాఠంలో మీ ఉత్పత్తి చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు. దాన్ని ఎదురుగా పెట్టుకోండి. ఈ పాఠం అయ్యేసరికి భాష, ఫ్రేమ్‌వర్క్ (వెబ్ ఉత్పత్తికి కావాల్సిన సాధారణ భాగాలను తయారుగా ఇచ్చే చట్రం) రెండూ తేలిపోవాలి.

ముందు వడపోత. టీమ్‌లో కనీసం ఇద్దరికి బాగా వచ్చిన భాష ఏది? బాగా రావడమంటే సింటాక్స్ తెలియడం కాదు. ఎర్రర్ లాగ్ చూడగానే తప్పు ఎక్కడుందో పోల్చుకోగలగాలి. పైథాన్ వస్తే జాంగో, రూబీ అయితే రైల్స్, పీహెచ్‌పీ అయితే లారవెల్, జావా అయితే స్ప్రింగ్ బూట్ మీ జాబితాలోకి వస్తాయి. జావాస్క్రిప్ట్ ఒక్కటే వస్తే చాలామంది నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే వ్యవస్థ) మీద ఎక్స్‌ప్రెస్ పెట్టుకుంటారు. అది ఇచ్చేది ప్రధానంగా రౌటింగ్, అంటే ఏ చిరునామాకు ఏ కోడ్ నడవాలో చూసుకోవడం. లాగిన్, మైగ్రేషన్లు (డేటాబేస్ పట్టికల నిర్మాణంలో చేసే మార్పులు), ఫారాల తనిఖీ ఒక్కొక్క లైబ్రరీగా తెచ్చి మీరే అతకాలి. ఆ అతుకుల పని కూడా లెక్కలో వేసుకోండి. చివరికి జాబితాలో రెండే మిగలాలి. మూడోది ఉంటే పోలిక వారాల తరబడి సాగుతుంది.

"ఏ భాష వేగంగా నడుస్తుంది?" అని అందరూ ముందే అడుగుతారు. ఒక లెక్క చూడండి. ఒక పేజీలో 50 ఆర్డర్లు చూపించాలి, ఒక్కోదాని పక్కన కొనుగోలుదారు పేరు ఉండాలి. అజాగ్రత్తగా రాస్తే ఆర్డర్ల జాబితాకు 1 క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), పేర్లకు మరో 50, మొత్తం 51 వెళ్తాయి. క్వెరీకి 2 మిల్లీసెకన్లు అనుకుంటే డేటాబేస్ దగ్గరే 102 మిల్లీసెకన్లు పోయాయి. పేజీ తయారీకి భాష తీసుకునేది 15 అనుకుందాం. భాష మార్చి దాన్ని 3కు దించినా మీకు మిగిలేది 12 మాత్రమే. అదే జాంగోలో సెలెక్ట్ రిలేటెడ్, రైల్స్‌లో ఇన్‌క్లూడ్స్ వాడి పేర్లన్నీ ఒకేసారి తెప్పిస్తే 51 క్వెరీలు ఒకటో రెండో అవుతాయి. మామూలు వెబ్ ఉత్పత్తుల్లో వేగం చాలావరకు ఇలాంటి చోట్లే పోతుంది.

భాషే నిర్ణయించే సందర్భాలూ లేకపోలేదు. లక్షల కనెక్షన్లు ఒకేసారి తెరిచి ఉంచాలంటే ఎర్లాంగ్, ఎలిక్సిర్, గో వంటివి చూడాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల అవసరాల కోసం ఎరిక్సన్‌లో పుట్టిన ఎర్లాంగ్‌ను వాట్సాప్ వాడింది ఇలాంటి పనికే. నోడ్‌లో ఒక రిక్వెస్ట్ బరువైన లెక్క మొదలుపెడితే ఆ ప్రాసెస్‌లోని (నడుస్తున్న ఆ ప్రోగ్రామ్ ప్రతిలోని) మిగతా రిక్వెస్టులన్నీ ఆగిపోతాయి. బొమ్మలు, వీడియోలు మార్చే పని ఉంటే దాన్ని వేరే వర్కర్‌కు, అంటే వెనక విడిగా నడిచే ప్రాసెస్‌కు, అప్పగించాల్సిందే.

ఇక పరీక్ష. రెండు అభ్యర్థుల్లోనూ ఒకే ముక్క కట్టండి, ఒక్కోదానికి రెండు రోజులే ఇవ్వండి. మొదటి రోజు: ఖాతా తెరవడం, పాస్‌వర్డ్ మర్చిపోతే మార్చుకోవడం, పైన చెప్పిన 50 వరుసల జాబితా, ఫైల్ ఎక్కించే ఒక ఫారం, డేటా సరిదిద్దే అడ్మిన్ పేజీ. జాంగోలో ఈ చివరిది తయారుగా వస్తుంది. రెండో రోజు: క్యూలో పెట్టి ఈమెయిల్ పంపడం, ఒక ఆటోమేటెడ్ టెస్ట్, నిజమైన సర్వర్ మీదికి ఎక్కించడం. ప్రతి పనికీ పట్టిన నిమిషాలు రాసి పెట్టండి.

రెండో రోజుకు చివరి అంశం ఇంకొకటి ఉంది, మైగ్రేషన్. దాన్ని దాటవేయకండి. లక్ష వరుసలున్న టేబుల్‌లో ఒక కాలమ్‌ను రెండుగా విడగొట్టి, వాటిలో ఒకదాని మీద ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) వేయండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ వేస్తే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి కొత్త డేటా రాయడం ఆగిపోతుంది. కాంకరెంట్లీ అనే ఐచ్ఛికం పెడితే ఆగదు, కానీ అది ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట) లోపల నడవదు. మీ ఫ్రేమ్‌వర్క్ మైగ్రేషన్‌ను ట్రాన్సాక్షన్‌లో చుట్టి నడుపుతుంటే ఆ చుట్టును ఎలా తీయాలో ఇప్పుడే కనిపెట్టండి. కస్టమర్లు వచ్చాక వెతుక్కునే విషయం కాదిది.

సర్వర్ మీద ఎక్కించేటప్పుడు ఎదురయ్యే మరో దెబ్బ కనెక్షన్లది. 4 సర్వర్లు, ఒక్కోదానిలో 8 ప్రాసెస్‌లు, ఒక్కో ప్రాసెస్‌కు 5 కనెక్షన్లు: మొత్తం 160. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అనుమతించేది 100. పరీక్షలో ఒక్కరే వాడతారు కాబట్టి అంతా సజావుగా కనిపిస్తుంది, రద్దీ పెరిగిన రోజు కొత్త కనెక్షన్లను డేటాబేస్ తిరగ్గొడుతుంది. పూల్ (ఒక్కో ప్రాసెస్ తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) పరిమాణం తగ్గించండి, లేదా మధ్యలో కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టండి.

ఆయుర్దాయం కూడా చూడాలి. 2008లో పైథాన్ 3 వచ్చింది, పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. మారడానికి అంత వ్యవధి దొరికింది. ఆంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రంటెండ్ (బ్రౌజర్‌లో కనిపించే భాగం) ఫ్రేమ్‌వర్క్ వాడినవాళ్లకు 2016లో వచ్చిన కొత్త ఆంగ్యులర్ పాత కోడ్‌తో పొసగలేదు, చాలా భాగం మళ్లీ రాయాల్సి వచ్చింది. జాంగో 5.2 దీర్ఘకాలిక మద్దతు వెర్షన్, 2025 ఏప్రిల్ నుంచి మూడేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. మీ అభ్యర్థికి ఇలాంటి తేదీలు ప్రకటించి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే నా ఓటు అవతలి అభ్యర్థికే.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో వేరే ఫ్రంటెండ్ కావాలా? మీ కాగితం మీద ఎక్కువగా ఫారాలు, జాబితాలే ఉంటే వద్దు. తనిఖీ నియమాలు రెండుచోట్ల రాయాలి, లాగిన్ రెండువైపులా చూసుకోవాలి. మ్యాప్, ఎడిటర్ లాంటి తెరలుంటే ఆ ఒక్క పేజీకే పెట్టండి.

4వ పాఠానికి ముందు రెండు అభ్యర్థుల నిమిషాల పట్టికను పూర్తిచేయండి. రెండో రోజు పనుల్లో తక్కువ సమయం తీసుకున్నదాన్నే ఎంచుకోండి. మొదటి రోజు గెలుపును లెక్కలోకి తీసుకోవద్దు. డేటాబేస్ పట్టికల రూపకల్పనను మీరు ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్‌తోనే మొదలుపెడతాం.