మంచినీటిలో చెక్క పడవ: వరద నెలలకు ముందు

గత వారం మా రేవులో కట్టేసి ఉన్న చెక్క పడవ రాత్రికి రాత్రే మునిగింది. గాలి లేదు, దేనికీ తగల్లేదు. ఒడ్డుకు లాగి చూస్తే బయట రంగు నిగనిగలాడుతోంది. ముక్కు దగ్గర లోపలి పలకను బొటనవేలితో నొక్కితే నానిన అట్టముక్కలా దిగబడింది.

జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే కోరంగి వైపు పాయల్లో ఉప్పు తగ్గి మంచినీరు నిండుతుంది. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు చాలావరకు ఆ నీటికి చచ్చిపోతుంది. నాలుగు రోజులు మాత్రం చాలవు, బొరియ మూసుకుని వారాల తరబడి ఓర్చుకుంటుంది. పురుగు పోతుందన్న ధీమాతోనే పడవను పాయలో కట్టి ఇంటికి వెళ్లిపోతారు. పడవలు పోయేది అక్కడే.

ఉప్పెక్కిన చెక్కను బూజు అంత సులువుగా తినలేదు. వాన నీరు ఆ ఉప్పును కడిగేస్తుంది. నీటిలో పూర్తిగా మునిగిన చెక్కకు గాలి అందదు, కుళ్లదు. బాగా ఎండిన చెక్కా కుళ్లదు. తడీ గాలీ రెండూ తగిలే చోటే కుళ్లు పుడుతుంది. అంటే పడవ అడుగు కాదు, పడవ లోపల. అందరూ అడుగుకు తారు పూస్తారు, లోపల నిలిచిన వాన నీటిని వదిలేస్తారు. ఎన్ని పడవలు అలా పోవడం చూశానో!

ఇంకొకటి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక, కాబట్టి పడవ కొద్దిగా లోతుకు దిగుతుంది. వేసవికి ఎండి విచ్చుకున్న పై సందులు నీటిలో పడతాయి. మొదటి రెండు రోజులు మనిషి కాపలా ఉండాలి.

లోపలి నీరు తోడండి. ముక్కు కింద, పలకకూ అడ్డకర్రకూ మధ్య మూలల్లో స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క కోసి తీసేయాల్సిందే. తడి చెక్కకు రంగు వేయవద్దు, తడి లోపలే చిక్కుకుంటుంది. టార్పాలిన్ బిగించి కప్పవద్దు. రెండు చివరలా గాలి ఆడాలి. తడి వలలు, తాళ్లు లోపల కుక్కవద్దు. కుళ్లు ఆపడానికని ఇనుప మేకులున్న చోట ఉప్పు చల్లవద్దు, మేకులు తుప్పు పడతాయి. పడవలో ఆకులు, చేప పొలుసులు, మట్టి ఉండకూడదు. వాన వెలిసిన ప్రతిసారీ నీరు తోడండి. నిన్న తోడినా ఇవాళ తోడండి. చెంబుకు అందని చివరి నీటిని పాత గుడ్డతో పిండి తీయండి.