ఏడవ హెన్రీ పాలనను చదివి, జవాబు రాయడం ఎలా?

అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం కళాశాలల్లో చరిత్ర చదివే మన పిల్లల జవాబు పత్రాల్లో ఇంగ్లండ్ రాజు ఏడవ హెన్రీ తరచుగా తనకు సింహాసనం తెచ్చిన బాస్వర్త్ యుద్ధంతో మొదలై, ఎలిజబెత్‌తో పెళ్ళి దగ్గర ఆగిపోతాడు. యుద్ధం ఒక్క రోజులో ముగిసింది. సింహాసనాన్ని 24 ఏళ్ళు కాపాడినవి శాసనాలు, లెక్కల పుస్తకాలు, పూచీకత్తు పత్రాలు. జవాబులో ఎక్కువ చోటు వాటికే ఇవ్వాలి.

ముందుగా తేదీలను వరుసగా రాసుకోండి. యుద్ధం జరిగింది 1485 ఆగస్టు 22న. తన పాలన మాత్రం 21నే మొదలైనట్లు హెన్రీ ప్రకటించుకున్నాడు. దానితో యుద్ధంలో ఓడిన అప్పటి రాజు మూడవ రిచర్డ్ పక్షాన పోరాడినవారు రాజద్రోహులయ్యారు, పార్లమెంటు శాసనం ద్వారా వారి భూములు రాజు పరమయ్యాయి. పట్టాభిషేకం, పార్లమెంటు సమావేశం అయ్యాకే, 1486 జనవరిలో, అంతకుముందు ఏలిన యార్క్ వంశపు ఎలిజబెత్‌ను పెళ్ళాడాడు. సింహాసనంపై హక్కు భార్య వల్ల వచ్చిందనే మాట రాకూడదన్న జాగ్రత్త ఈ వరుసలోనే కనిపిస్తుంది.

తర్వాత ఆదాయం. ఖజానా శాఖ పని నెమ్మదిగా సాగుతుండటంతో, రాజు రాబడిని తన రాజగృహ కోశానికి (చాంబర్) మళ్ళించి, ఆ లెక్కలను స్వయంగా చూసి సంతకం చేసేవాడు. పన్నుల కోసం పార్లమెంటును పదేపదే అడగడం ప్రమాదమని 1497లో కార్న్‌వాల్ తిరుగుబాటుదారులు లండన్ అంచున ఉన్న బ్లాక్‌హీత్ దాకా వచ్చినప్పుడు రుజువైంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పూచీకత్తులకు కేటాయించండి. మన దగ్గర ప్రోనోటు రాసినవాడు అప్పు తీర్చాలి. హెన్రీ ప్రభువుల చేత రాయించుకున్న పత్రాల్లో చాలావాటికి అసలు అప్పే లేదు, విధేయంగా ఉన్నంతకాలం కట్టనక్కరలేదు, తప్పితే మాత్రం మొత్తం కట్టాలి. బర్గవెన్నీ ప్రభువు జార్జి నెవిల్ ఉదాహరణను స్వయంగా లెక్క వేసి చూడండి: చట్టవిరుద్ధంగా పోషించిన అనుచరులు 471 మంది, కాలం 30 నెలలు, మనిషికి నెలకు జరిమానా 5 పౌండ్లు, గుణిస్తే 1507లో విధించిన 70,650 పౌండ్లు సరిగ్గా వస్తాయి. అంత సొమ్ము ఏ ప్రభువూ తీర్చలేడు, రాజుకూ ఆ సంగతి తెలుసు. తీరని బాకీ నెత్తిన ఉన్న ప్రభువు సైన్యాన్ని కూడగట్టే సాహసం చేయడు; నా దృష్టిలో హెన్రీ పాలనకు ఆయువుపట్టు ఇదే.

స్థానిక న్యాయాధికారుల అధికారాలు పెరగడం గురించి రెండు వాక్యాలు చాలు. 1487 చట్టమే స్టార్ చాంబర్ అనే న్యాయస్థానాన్ని స్థాపించిందని మాత్రం రాయకండి. రాజు సలహా మండలి ఆ పేరున్న గదిలో అంతకుముందు నుంచే విచారణలు జరుపుతోంది.

ఈ పద్ధతి మిగిల్చిన ద్వేషాన్నీ తప్పక చేర్చండి. 1509 ఏప్రిల్‌లో హెన్రీ మరణించిన వెంటనే, పూచీకత్తుల వసూళ్ళలో ముందున్న ఎంప్సన్, డడ్లీ ఖైదయ్యారు. 1510 ఆగస్టులో ఎనిమిదవ హెన్రీ వారికి శిరచ్ఛేదం చేయించాడు. దీన్ని చివర విడిగా అతికించకుండా, పూచీకత్తుల పేరాలోనే రాస్తే, రాజుకు బలాన్నిచ్చిన సాధనమే ప్రజల్లో అంత కోపాన్ని ఎందుకు రగిల్చిందో పరీక్షకుడికి స్పష్టమవుతుంది.